తమ్ముడికి ఇవ్వాల్సిన ముక్క

ముందు ఆవిరి చప్పుడు వినిపిస్తుంది. మెట్లు దిగుతుండగానే, తలుపు ఇంకా తెరవకముందే, ఉస్స్‌మని ఒక పొడవైన ఊపిరి. ఆ వెనకే బల్ల మీద మెత్తటి దెబ్బ. మళ్ళీ ఉస్స్‌. కింది గదిలో ఏదో పెద్ద జంతువు పడుకుని తన కల తనకే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. తలుపు తోస్తే వేడి వచ్చి ముఖానికి తగులుతుంది. తడి నూలు వాసన, కాస్త సబ్బు వాసన. వరసగా వేలాడే చొక్కాల వెనక నుంచి, మనిషి కనిపించకుండానే ఒక గొంతు పలుకుతుంది:

"మరకల్లేనివి ఎడమపక్క, మరకలున్నవి కుడిపక్క. మరక సంగతి దాచిపెట్టి వెళ్తే ఆ పాపం మీదే."

అప్పుడు చొక్కాలు పక్కకి జరుగుతాయి. వాటి మధ్య నుంచి ఆవిరక్క బయటికొస్తుంది.

వీధిలో అందరూ ఆమెని అలాగే పిలిచేవారు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా. నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టి, చూడ్డానికి బక్కపలచన. నడుం దగ్గర మాత్రం కొంచెం నిండుదనం. మోచేతుల కింద అక్కడక్కడా పాత కాలిన మచ్చలు, నీళ్ళలో పడి కదలకుండా ఉండిపోయిన ఆకుల్లాగా. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. అడిగినవాళ్ళకి మళ్ళీ అడిగే ధైర్యం ఉండేది కాదు.

చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆమె పని చూడటం నాకిష్టం. చొక్కా ఇస్త్రీ అయితే ముందు కాలరు, చివరల నుంచి మధ్యకి. తర్వాత చేతులు, తర్వాత వీపు. బల్ల కింద ఒక పెడలుంటుంది. కుడికాలితో అది తొక్కితే గుడ్డలోని తడిని బల్ల లోపలికి లాగేసుకుంటుంది. చేతులు ఎంత తిరిగినా మనిషి ఉన్నచోటి నుంచి కదలదు. ఆమె నిలబడే చోట నేల మీది రబ్బరు చాప రెండు పాదాల ఆకారంలో అరిగిపోయి ఉండేది. అక్కడ ఇంకెవరు నిలబడ్డా వాళ్ళ కాళ్ళు ఆ గుంటల్లో అమరవు.

ఆమె దగ్గర ఇంకో అలవాటుంది. ఎవరైనా బాగా పాత మరక పట్టుకొస్తే పోదని ఎప్పుడూ చెప్పేది కాదు. గుడ్డని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "చూద్దాం లెండి" అనేది. వీధిలో పాతకాపులందరికీ ఆ మాట అర్థం తెలుసు. ఆశ వదులుకోమని. కొత్తవాళ్ళు మాత్రం సంతోషంగా మెట్లెక్కి వెళ్ళిపోయేవారు.

ముగ్గురు తోబుట్టువుల్లో ఆమె పెద్దది. తర్వాత తమ్ముడు, ఆఖరున చెల్లెలు. తమ్ముడు కిటికీలకి అద్దాలు బిగించేవాడు. ఎత్తయిన భవనాల మీద తాడుకి వేలాడుతూ ఆకాశాన్ని చట్రాల్లో బిగించి వచ్చే మనిషి. అతని ఒంట్లో పైత్యరసం పారే సన్నటి గొట్టాలు కొన్నేళ్ళుగా ఒక్కొక్కటే మూసుకుపోతూ వచ్చాయి. కళ్ళు పచ్చబడ్డాయి. రాత్రంతా ఒళ్ళు గోక్కునేవాడు. తాగుడు వల్ల వచ్చిన జబ్బు కాదది, కానీ అందరూ ముందు అదే అడిగేవారు.

"మావాడు సోడా తాగినా తూలతాడు, వాడికి తాగుడేమిటి?" అనేది ఆవిరక్క, చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ. "అయినా లోకులకి లివరు పేరు చెబితే సీసానే గుర్తొస్తుంది."

చివరికి ఆసుపత్రిలో చెప్పేశారు. ఉన్న కాలేయం ఇక పనికిరాదు. సొంతవాళ్ళెవరైనా తమ కాలేయంలో ఒక ముక్క ఇస్తే దాన్ని అతనికి పెట్టొచ్చు. ఇచ్చినవాళ్ళకి మిగిలినది మళ్ళీ పెరుగుతుంది. రక్తం అక్కదీ సరిపోయింది, చెల్లెలిదీ సరిపోయింది. ఇద్దరినీ స్కాన్‌కి పంపారు. ఫలితాలు వినడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆ గదిలో జరిగినదంతా ఆవిరక్క నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ డాక్టరమ్మ గొంతూ, చెల్లెలి గొంతూ తనే పెట్టి చెప్పేది.

డాక్టరమ్మ కాగితాల మీద నుంచి తలెత్తి, "మీ ఇద్దరి లివర్లకీ కొవ్వు పట్టింది" అంది.

"మా అక్కకి కొవ్వుందని చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నానండీ, మా ఇంట్లో ఒక్కళ్ళూ నమ్మలేదు" అంది చెల్లెలు.

"ఇద్దరికీ అన్నారు, చెవులు పెట్టుకుని విను" అంది ఆవిరక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. కొవ్వు ఎక్కువగా ఉన్న ముక్క కొత్త ఒంట్లో సరిగా పనిచేయదని, ఇచ్చినవాళ్ళలో మిగిలిన భాగం కూడా తేరుకోవడం కష్టమవుతుందని చెప్పింది. అక్కకి కొంచెం ఎక్కువుంది, చెల్లెలికి కొంచెం తక్కువ. రెండూ తగ్గించుకోదగినవే. తీపి మానాలి, రాత్రి తిండి తగ్గించాలి, రోజూ చురుగ్గా నడవాలి. రెండు నెలలు చూద్దాం, మధ్యలో ఒకసారి స్కాన్ తీద్దాం, ఎవరిది ముందు దారికొస్తే వాళ్ళు ఇద్దురుగాని అంది.

"నేను రోజంతా నిలబడే ఉంటానమ్మా. పొద్దుపోయేసరికి కాళ్ళు నావి కావు. ఇంకా నాకు వ్యాయామం దేనికి?" అంది ఆవిరక్క.

"అలసిపోవడం వేరమ్మా, వ్యాయామం వేరు. గుండె వేగం పెరగాలి. పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం పాడలేకపోవాలి. అంత జోరుగా నడవాలి."

ఆవిరక్క ఆ మాట పట్టించుకోలేదు. ఆమె బుర్రలో అప్పటికే వేరే ఆలోచన తిరుగుతోంది. కళ్ళద్దాల షాపు పై అంతస్తులో సూదులతో వైద్యం చేసే పెద్దాయన ఒకడున్నాడు. ఆయన గది దుప్పట్లన్నీ ఆమె దగ్గరికే ఉతుక్కీ ఇస్త్రీకీ వస్తాయి. ఆయన దగ్గర నడుంనొప్పులు తగ్గి వచ్చినవాళ్ళని ఆమె కళ్ళారా చూసింది.

"సూదులు గుచ్చించుకుంటే తగ్గదా అమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. సూదుల వల్ల కాలేయంలో కొవ్వు తగ్గుతుందా అని చిన్నచిన్న పరిశోధనలు కొన్ని జరిగాయి. మేలు కనిపించిందని కొన్నింట్లో రాశారు. కానీ వాటిని నమ్ముకుని వైద్యం చేసేంత గట్టి రుజువు లేదు. వ్యాయామానికి ఆ రుజువుంది, ఒంటి బరువు పెద్దగా తగ్గకపోయినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. "తెలిసినవాళ్ళు శుభ్రమైన సూదులతో గుచ్చితే పెద్దగా హాని లేదు. గుచ్చించుకోవాలనిపిస్తే గుచ్చించుకోండి, నడక మాత్రం మానకండి" అంది.

ఇన్ని మాటల్లోంచి ఆవిరక్క ఇంటికి పట్టుకెళ్ళింది రెండే ముక్కలు. హాని లేదు.

బస్టాపులో అక్కాచెల్లెళ్ళు గొడవపడ్డారు. చెల్లెలు నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని జనం ఫిర్యాదులు వింటుంది. రోజంతా ఎవరినీ తిరిగి ఒక్క మాట అనకూడని ఉద్యోగం. ఆ బాకీ అంతా ఇంటికొచ్చి అక్క మీద తీర్చుకునేది.

"నడుద్దాం పదవే, ఇద్దరం కలిసి. రోజూ పొద్దున్నే" అంది చెల్లెలు.

"నువ్వు నడు. కుర్చీకి అతుక్కుపోయిన మనిషివి, నీకు కావాలి. నేను రోజంతా కాళ్ళ మీదే ఉంటాను."

"నడిచేది నీ ఇస్త్రీపెట్టె అక్కా, నువ్వు కాదు."

ఆవిరక్కకి కోపం వచ్చింది. కోపం ఎందుకొచ్చిందో తర్వాత నాతో చెప్పింది. చెల్లెలు ఎగతాళి చేసినందుకు కాదు, గెలుస్తానన్న ధీమాతో మాట్లాడినందుకు. చెల్లెలికి మూడేళ్ళ కూతురుంది. మొగుడు లారీ నడుపుతూ వారాల తరబడి రోడ్ల మీదే ఉంటాడు. కత్తి పడాల్సి వస్తే ఆ పిల్ల తల్లి మీద పడకూడదు, తన మీదే పడాలి అని ఆవిరక్క ఆసుపత్రి మెట్లు దిగుతూనే నిశ్చయించుకుంది. చెల్లెలి లెక్క వేరు.

"నీకు పెళ్ళీ పెటాకులూ లేవు. కోత పడి మంచాన ఉంటే నీకు గంజి కాచి పోసేదెవరు? నాకైతే మొగుడున్నాడు, అత్తగారుంది."

"నీ మొగుడు ఇంటికి దారి గుర్తుపెట్టుకుని వస్తే అప్పుడు చూద్దాంలే" అంది ఆవిరక్క.

ఈ సంగతి విని తమ్ముడు మంచం మీద నుంచే నవ్వాడు. "మీ పందెం తేలేలోపు నేను పోతే బాగుండదర్రా. ఎవరో ఒకరు తొందరగా కొవ్వు దించుకోండి" అన్నాడు. నవ్వితే అతని పచ్చటి కళ్ళు ఇంకా పచ్చగా కనిపించేవి, వేసవి మధ్యాహ్నపు కిటికీ అద్దాల్లాగా.

అలా మొదలైంది. ఇద్దరూ చక్కెర మానేశారు. రాత్రి తిండి సగానికి తగ్గించారు. అంతవరకూ ఇద్దరిదీ ఒకటే దారి. అక్కడి నుంచి చెల్లెలు రోడ్డెక్కింది, అక్క సూదుల గది మెట్లెక్కింది.

సూదుల పెద్దాయన పొడుగ్గా, కాస్త వంగి, చదువుతున్న పుస్తకం మధ్యలో ఆపి లేచొచ్చినవాడిలా ఉండేవాడు. కాగితాలన్నీ చూశాడు.

"మోకాలు నొప్పి ఉందా అమ్మా?"

"ఉంది సార్. ఎడంది."

"దాని సంగతి నాకొదిలేయండి. కొంత సుఖపడతారు. లివరు సంగతి..." అని కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి కాసేపు చూసి, "చూద్దాం లెండి" అన్నాడు.

ఆవిరక్క సంతోషంగా బల్ల మీద పడుకుంది.

ఆ దుప్పటి ఆమె ఇస్త్రీ చేసినదే. మడతల గీతలు తన వీపు కింద తగులుతుంటే గుర్తుపట్టింది. ఎన్నేళ్ళుగానో ఆ దుప్పట్లు చేస్తోంది, వాటి మీద పడుకోవడం అదే మొదలు. ఆయన చెవి దగ్గర, బొటనవేలి పక్కన, మోకాలి కింద, పాదం మీద సూదులు నిలబెట్టాడు. నొప్పి లేదు. చీమ వచ్చి, ఆలోచించుకుని, కుట్టకుండా వెళ్ళిపోయినట్టుంది అని చెప్పింది నాతో. తర్వాత ఆయన కిటికీకి తెర లాగి, "అరగంట కదలకండి" అని వెళ్ళిపోయాడు.

పట్టపగలు ఒక మనిషి తనని కదలొద్దనడం ఆమెకి కొత్త. కింద వీధిలో బళ్ళు తిరుగుతున్నాయి. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆ పిలుపు తనకి కాదు. ఆమెకి నిద్ర పట్టింది. అడుగున ఏమీ లేని, తెల్లటి, ఉతికిన నిద్ర.

లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఆకలి తగ్గినట్టనిపించింది. మెట్లు దిగుతుంటే మోకాలు మొరాయించలేదు. వారానికి రెండుసార్లు వెళ్ళడం మొదలుపెట్టింది. ముఖం తేటపడింది. నేనే ఒకరోజు ఆ మాట అన్నాను.

"లోపల కొవ్వు కరుగుతోంది కదా మరి, బయటికి తెలియదా?" అంది. ఆ నమ్మకంలో ఒక చిన్నపిల్ల ఉంది.

చెల్లెలు మాత్రం పొద్దున్నే బూట్లు బిగించి రైలుకట్ట పక్క దారిలో నడిచేది. మొదట్లో దుకాణం దాకా వచ్చి, తలుపు దగ్గర వగర్చుకుంటూ నిలబడి, అక్కని నాలుగు మాటలని వెళ్ళేది. మాట్లాడగలిగేది. పాట పాడమని ఆవిరక్క ఎగతాళి చేస్తే ఒక్క చరణం కూడా పూర్తి చేయలేకపోయేది.

"నీ సూదులేం చెబుతున్నాయక్కా?"

"నిన్ను పిలవొద్దని చెబుతున్నాయి. అక్కడ మాట్లాడకూడదు, నువ్వు ఒక్క నిమిషం ఉండలేవు."

"నేను చెమటోడుస్తున్నానే. నువ్వు పడుకుని గెలుద్దామనుకుంటున్నావు."

"ఇన్నేళ్ళు నిలబడ్డాను. కాసేపు పడుకుంటే నీ సొమ్మేం పోయింది?"

నెల గడిచాక ఇద్దరూ మళ్ళీ స్కాన్‌కి వెళ్ళారు. చెల్లెలి కాలేయంలో కొవ్వు బాగా దిగింది, హద్దుకి దగ్గరగా వచ్చింది. ఆవిరక్కది చక్కెర మానినందుకు కాబోలు కాస్త కదిలింది, అంతే. ఇంకా చాలా దూరం ఉంది.

ఆ రోజు ఆవిరక్క దుకాణానికి ఆలస్యంగా వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఆవిరి వేడెక్కడానికి ఎదురుచూస్తూ, బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. అంతలో ఒకావిడ చిన్నపిల్ల గౌను తెచ్చింది. దాని మీద సిరా మరక, ఎన్నాళ్ళదో. ఆవిరక్క అలవాటుగా దాన్ని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "చూద్దాం లెండి" అంది. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక ఆవిరక్క గౌను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఎక్కువై కుర్చీలో కూర్చుంది. ఆ దుకాణంలో ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఆయన కూడా ఇదే మాటన్నాడు" అంది. "కాగితాన్ని ఇలాగే కిటికీకి ఎత్తాడు. ఇలాగే అన్నాడు. రోజుకి పదిమందికి నేను చెప్పే మాట. నాకు చెప్తే నేను గుర్తుపట్టలేదు చూశారా."

నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిరి తయారై గొట్టంలోంచి ఉస్సుమంది. లేచి పనిలో పడింది.

మర్నాడు సూదుల గదికి వెళ్ళింది, దెబ్బలాడటానికే. "ముందే చెప్పొచ్చు కదా సార్, తగ్గదని" అంది.

"తగ్గదని నాకు తెలియదమ్మా. తగ్గుతుందనీ తెలియదు. తెలియనిదాన్ని తెలుసన్నట్టు చెప్పలేకపోయాను. గట్టిగా చెప్పాల్సింది, అది నా తప్పే." పెద్దాయన తల వంచుకుని సూదుల డబ్బా మూత పెట్టాడు. "మోకాలెలా ఉంది?"

"బాగుంది."

"మరింకేం? ఆ మోకాలు వేసుకుని నడవండి. నా పని అయిపోయింది, ఇక మీ పని."

ఆమె దెబ్బలాట అక్కడితో చల్లారింది. మంచివాడి మీద కోపం నిలబెట్టుకోవడం చాలా కష్టమని చెప్పింది నాతో. తడి గుడ్డని మడతలో నిలబెట్టినట్టుంటుందట.

ఆ సాయంత్రమే దుకాణం త్వరగా మూసి నడకకి బయల్దేరింది. రైలుకట్ట దారిలో చెల్లెలు పొద్దున నడిచే దిక్కుకి ఎదురుదిక్కులో. తొలి రోజు వంతెన దాకా వెళ్ళి మెట్లెక్కలేక రైలింగు పట్టుకుని ఆగిపోయింది. అప్పుడర్థమైందట. పొద్దుటి నుంచి నిలబడి, వేల మడతలు వేసి, ఇంటికి చేరేసరికి ఒళ్ళంతా పిండేసినట్టుంటుంది కానీ గుండె మాత్రం అసలు పరిగెత్తలేదని. "ఇన్నేళ్ళు నా కాళ్ళు పనిచేస్తున్నాయనుకున్నాను. అవి కాపలా కాస్తున్నాయంతే" అంది.

వారం గడిచింది. వంతెన ఎక్కగలిగింది. ఇంకో వారానికి వంతెన మీద ఆగకుండా అవతలికి దిగింది. కింద నుంచి రైళ్ళు వెళ్తుంటే వాటి కిటికీల వెలుతురు ఆమె కాళ్ళ మీద మెట్లు మెట్లుగా జారిపోయేది. దారిలో పాట మొదలుపెట్టి ఊపిరందక ఆపేయడం తనకి తనే పెట్టుకున్న పరీక్ష. జనం చూసి నవ్వేవారు. "కూనిరాగం కూడా రానివ్వని డాక్టరు మాది" అని వాళ్ళకి జవాబిచ్చేది.

ఆ రెండో నెల సగంలో తమ్ముడు పడిపోయాడు. పొట్టలో నీరు చేరింది, మాట తడబడింది. ఒకరోజు చెల్లెలి పేరు పెట్టి అక్కని పిలిచాడు. ఆసుపత్రిలో చేర్చారు. ఇక ఆగడానికి లేదంది డాక్టరమ్మ. అక్కచెల్లెళ్ళిద్దరికీ వెంటనే స్కాన్ తీశారు. చెల్లెలిది హద్దులోపలికి వచ్చేసింది. ఆవిరక్కది బాగా దిగింది, కానీ హద్దుకి ఇంకా కొంచెం ఇవతలే ఉంది.

"రెండు వారాలివ్వండమ్మా. రెండే. పొద్దునా సాయంత్రమూ నడుస్తాను" అంది ఆవిరక్క.

"మీ మీద నాకు నమ్మకముంది. మీ తమ్ముడి మీద లేదు, అతనికి అంత టైం లేదు" అంది డాక్టరమ్మ.

"చిన్నపిల్ల తల్లి అమ్మా అది."

"ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసే సంతకం పెట్టింది."

ఆవిరక్క చెల్లెలి వైపు తిరిగింది. చెల్లెలు చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుని ఉంది. గెలిచినదాని ముఖం కాదది. భయపడుతున్న ముఖం. ఆ ముఖం ఆవిరక్కకి తెలుసు, చిన్నప్పుడు ఉరిమితే వచ్చి తన దుప్పట్లో దూరినప్పటి ముఖం.

"భయమేస్తోందే?" అంది.

"లేదు."

"నాకేస్తోంది."

"అయితే నాకూ వేస్తోంది" అంది చెల్లెలు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. నెల ముందు నుంచే తను నడిచి ఉంటే ఆ సంతకం తనదయ్యేదన్న మాట ఆవిరక్క గొంతు దాకా వచ్చింది. పైకి అనలేదు. అంటే చెల్లెలే తనని ఓదార్చాల్సి వస్తుంది. ఆ సమయంలో అది న్యాయం కాదు.

ఆపరేషన్ రోజు ఆవిరక్క పిల్లని ఎత్తుకుని ఆసుపత్రి వరండాలో ఉంది. లారీ మరిది కూడా వచ్చాడు, కుర్చీలో గడ్డం చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అతని తల్లి గోడ వైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. ఆవిరక్క కూర్చోలేకపోయింది. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. పిల్ల భుజం మీద నిద్రపోయింది, లేచింది, మళ్ళీ నిద్రపోయింది. అమ్మ ఎక్కడని అడిగితే, "మామయ్యకి ఒక ముక్క ఇవ్వడానికి వెళ్ళింది" అని చెప్పింది. బిస్కెట్టు ముక్కా అని అడిగింది పిల్ల. అలాంటిదే అంది ఆవిరక్క.

చెల్లెలు తేరుకుంది. కోత నొప్పి కొన్నాళ్ళు వేధించింది, నవ్వితే కుట్లు లాగేవి. అందుకని అక్క ఎదురుగా వస్తే ముఖం తిప్పుకునేది. అక్క కనిపిస్తేనే ఆమెకి నవ్వొచ్చేది మరి. గంజి కాచి పోసింది ఆవిరక్కే. మొగుడు రోడ్డెక్కేశాడు, అత్తగారికి నడుం పట్టేసింది. తమ్ముడు నెమ్మదిగా లేచాడు. కళ్ళల్లో పసుపు దిగింది. ఇక తాళ్ళ మీద వేలాడే పని వద్దన్నారు. కిందనే కూర్చుని అద్దాలు కోస్తున్నాడు.

దుకాణం మళ్ళీ మామూలుగా నడిచింది. ఒకటే తేడా. సాయంత్రం ఒక వేళకి ఆవిరి ఆగిపోయేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తాళం చూసి తిట్టుకుంటూ మెట్లెక్కేవారు. ఆవిరక్క వంతెన మీద ఉండేది. ఇక అవసరం లేదు కదా అని వీధిలో ఎవరో అన్నారు. మర్నాడూ అదే వేళకి తలుపుకి తాళం పడింది. మోకాలు మొరాయించినప్పుడు సూదుల పెద్దాయన దగ్గరికి వెళ్ళేది. మోకాలి కోసమే వెళ్ళేది. లివరు ఊసు ఇద్దరూ ఎత్తేవారు కారు.

తర్వాత కొన్ని నెలలకి నేను ఆ ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. చివరి రోజు మిగిలిన చొక్కాలు తెచ్చుకోవడానికి వెళ్ళాను. వేడి, తడి నూలు వాసన, వేలాడే చొక్కాలు. వాటి మధ్య నుంచి ఆవిరక్క బయటికొచ్చింది. నడుం దగ్గరి నిండుదనం తగ్గింది. నా చొక్కాల మీద కాగితం చుడుతూ, ముందురోజు మళ్ళీ స్కాన్ తీశారని చెప్పింది. కొవ్వు పూర్తిగా పోయిందట. ఎవరికైనా ఇవ్వదగ్గ లివరని డాక్టరమ్మ మెచ్చుకుందట.

ఆ ఫలితం కొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదన్న మాట నా ముఖంలో కనిపించిందేమో. ఆమె పొట్లానికి దారం బిగించి, ముడి వేసి, నా చేతిలో పెట్టింది.

"మా చెల్లి కూడా అదే అంటోంది, ఇప్పుడెవరికిస్తావక్కా అని. ఎవరికీ ఇవ్వను. కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీండి."